బల్ల ఎత్తు ఎవరి మోచేతికి?

ఫిట్టర్ పని నేర్పే చోట పాతకాలపు కొలత ఒకటుంది. వైస్ బిగించిన బల్ల పక్కన నిటారుగా నిలబడాలి. చెయ్యి మడిచి పిడికిలి గడ్డం కింద ఆనించాలి. అప్పుడు మోచెయ్యి వైస్ దవడల పైఅంచుకు తగిలితే ఆ వైస్ మీకు సరిపోయే ఎత్తులో ఉన్నట్టు. మధ్యలో ఖాళీ ఉంటే అది మీకు పల్లం. ఆకురాయి పట్టినంతసేపూ నడుము వంగే ఉంటుంది. పిడికిలి గడ్డానికి చేరకముందే మోచెయ్యి తగిలితే అది మీకు ఎత్తు. రోజంతా భుజాలు పైకి లేపి పనిచెయ్యాలి. ఈ కొలతకు టేపు అక్కర్లేదు, పట్టికలు అక్కర్లేదు. ఎర్గొనామిక్స్ అన్న పేరు ఎన్నడూ వినని మేస్త్రీలు కుర్రవాళ్ళకు దీన్నే నేర్పారు.

పనిని, పనిముట్టును, పనిచేసే చోటును మనిషి శరీరానికీ బుద్ధికీ తగినట్టు అమర్చడమే ఆ శాస్త్రం చెప్పేది కూడా. దానిమీద ప్రపంచంలో చాలా గ్రంథాలు వచ్చాయి. వాటిలో రెండింటిని ముందు పెట్టుకుని, ఆదిత్యపూర్ లాంటి చోట ఒక చిన్న కార్ఖానాకు అవి ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం. మొదటిది అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంతర్జాతీయ ఎర్గొనామిక్స్ సంఘం కలిసి 1996లో వెలువరించిన 'ఎర్గొనామిక్ చెక్‌పాయింట్స్'. దీని రెండో కూర్పు 2010లో వచ్చింది. రెండోది అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ప్రచురించిన, దేబ్‌కుమార్ చక్రవర్తి రాసిన 'ఇండియన్ ఆంత్రొపొమెట్రిక్ డైమెన్షన్స్ ఫర్ ఎర్గొనామిక్ డిజైన్ ప్రాక్టీస్'. మొదటిది కార్ఖానాలు నడిపేవారికి, రెండోది వస్తువులూ యంత్రాలూ రూపొందించేవారికి ఉద్దేశించినవి.

నదికి అటువైపు

జంషెడ్‌పూర్‌లో ఖర్కాయి నది వంతెన దాటితే ఆదిత్యపూర్ వస్తుంది. ఇప్పటి జార్ఖండ్‌లో సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాలో ఉంది. 1970 దశకంలో రూపుదిద్దుకున్న ఇక్కడి పారిశ్రామికవాడలో వెయ్యికి పైగా చిన్న, మధ్యతరహా కార్ఖానాలున్నాయి. పోతపోసేవి, సుత్తిపోటుతో సాగగొట్టేవి, లేత్‌మీద తిప్పేవి, రేకులు నొక్కేవి. వీటిలో ఎక్కువ భాగం బతికేది నదికి ఇటువైపున్న టాటా మోటార్స్ ట్రక్కులకు విడిభాగాలు చేసి. జంషెడ్‌పూర్ మనవాళ్ళకు కొత్త ఊరేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపునుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్ళి తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బిష్టూపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ళు నిలబెట్టుకున్నదే.

నదికి ఇటు ఉక్కు సంస్థ 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలుచేసింది. దేశంలో వారానికి 48 గంటల పరిమితి చట్టంగా రావడానికి ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. పెద్ద కర్మాగారంలో భద్రతకు ఒక విభాగం ఉంటుంది, దానికి ఇంజనీర్లుంటారు. నదికి అటు, ఇరవైమందికి మించని షెడ్డులో యజమానే మేనేజరు, యజమానే భద్రతాధికారి, కరెంటు పోతే జనరేటర్ తిప్పేదీ ఆయనే.

అలాంటి ఒక షెడ్డులో నేను కొన్ని గంటలు నిలబడి చూశాను. పేరు అనవసరం, ఆ వాడలో ఏ షెడ్డయినా ఇంచుమించు అలాగే ఉంటుంది. పోతపోసిన ముడి భాగాలు నేలమీద కుప్పగా ఉన్నాయి. లేత్ నడిపే మనిషి ఒక్కొక్కటీ వంగి తీసి చక్‌లో బిగిస్తున్నాడు. ఆయన పొట్టిమనిషి. లేత్ పాతది, ఎవరి దగ్గరో చేతులు మారి వచ్చింది. అందుకని కాళ్ళకింద రెండు చెక్కపలకలు ఒకదానిమీద ఒకటి పెట్టుకున్నాడు. తలపైన ఒక ట్యూబులైటు. పక్క గదిలో పవర్ ప్రెస్ చప్పుడు.

కుప్ప, పలకలు, ట్యూబులైటు, ప్రెస్: ఈ నాలుగింటికీ మన పుస్తకాలు ఏం సమాధానం చెబుతాయి?

కుప్ప విషయం

'చెక్‌పాయింట్స్' పుస్తకం ఇక్కడ చాలా చక్కగా పనిచేస్తుంది. రెండో కూర్పులో 132 అంశాలున్నాయి. సరుకు నిల్వ, మోత, చేతిపనిముట్లు, యంత్రాల భద్రత, పనిచేసే చోటు అమరిక, వెలుతురు, పనివేళల ఏర్పాటు, ఇలా విభాగాలుగా అమర్చారు. ప్రతి అంశానికీ ఒకే వరస: ఎందుకు చెయ్యాలి, ఎలా చెయ్యాలి, మరికొన్ని సూచనలు, గుర్తుంచుకోవలసినవి. పక్కన బొమ్మలు. చదువు అంతగా లేనివారు కూడా బొమ్మ చూసి గ్రహించగలరు. పుస్తకాన్నంతా అమలుచేయమని ఎవరినీ బెదిరించదు. మీకు కావలసినవి ఏరుకోండి, అక్కర్లేదో, కావాలో, ముందుగా కావాలో గుర్తుపెట్టుకోండి అంటుంది. దీని వెనుక జపాన్‌కు చెందిన కజుతాకా కోగి వంటివారి అనుభవం ఉంది. ఆసియా దేశాల చిన్న కార్ఖానాల్లో తక్కువ ఖర్చుతో చేసిన వంద మార్పులను ఆయన మరి ఇద్దరితో కలిసి 1988లోనే పుస్తకంగా కూర్చారు. ఆ మట్టివాసన ఇందులోనూ ఉంది. బల్లకు చక్రాలు బిగించడం, గోడకు అరలు కొట్టడం వంటి పనులే గాని లక్షల ఖర్చు చెప్పదు.

సరుకును నేలమీద పెట్టకండి, పనిచేసే ఎత్తుకు తెచ్చుకోండి అని ఈ పుస్తకం చెబుతుంది. మంచి మాటే. అయితే 'ఎంత తేడా వస్తుంది?' అని యజమాని అడిగితే పుస్తకం దగ్గర జవాబు లేదు. అంకె చూపకపోతే ఆయన కదలడు. తనవరకు ఇనుప స్టాండుకు అయ్యే ఖర్చు కళ్ళముందు కనబడే అంకె మరి. ఈ లోపాన్ని మనమే పూరించుకోవచ్చు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ బరువులెత్తే పనికి 1981లో ఒక సూత్రం ఇచ్చి, 1991లో దాన్ని సవరించింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు రెండు చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలని అది మొదలుపెడుతుంది. అక్కడినుంచి ప్రతి ప్రతికూలతకూ కొంత కోత.

లెక్క వేసి చూడండి. ముడి భాగం నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, చీలమండలకు 40 సెంటీమీటర్లు ముందుకు. దాన్ని 90 సెంటీమీటర్ల ఎత్తుకు చేర్చాలి. నిమిషానికొకటి చొప్పున రోజంతా. ముందుకు చాచినందుకు 25ను 40తో భాగిస్తే 0.625. అనువైన ఎత్తు 75 సెంటీమీటర్లు. దానికి 60 తక్కువలో ఉంది కాబట్టి 0.82. పైకెత్తే దూరం 75 సెంటీమీటర్లు కాబట్టి 0.88. రోజంతా నిమిషానికొకటి ఎత్తుతున్నందుకు 0.75. పట్టు అంత బాగా దొరకనందుకు 0.95. వీటన్నిటితో 23ను గుణిస్తే వచ్చేది సుమారు 7.4 కిలోలు. ఇప్పుడు అదే భాగాన్ని 75 సెంటీమీటర్ల ఎత్తు స్టాండుమీద, ఒంటికి కాస్త దగ్గరగా, 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. ఎత్తుకు కోత లేదు, పైకెత్తే దూరం 15 సెంటీమీటర్లే కాబట్టి దానికీ కోత లేదు, ఆ ఎత్తులో పట్టుకూ కోత లేదు. 23ను 0.83తోనూ 0.75తోనూ గుణిస్తే చాలు. సుమారు 14.4 కిలోలు. అదే మనిషి, అదే ఇనుము. ఒక స్టాండు ఆయన నడుముకు దాదాపు రెట్టింపు బలమిచ్చింది. మన సిమెంటు బస్తా 50 కిలోలని ఈ సందర్భంలో గుర్తుచేసుకుంటే మన మోతల సంగతి అర్థమవుతుంది.

ఇలాంటి లెక్క ఒక్కటి పుస్తకంలో చేర్చి ఉంటే ఎన్ని స్టాండ్లు వెలిసేవో!

పలకల విషయం

ఆయన కాళ్ళకింది పలకలు చూసి జాలిపడనక్కర్లేదు. అదే సరైన ఎర్గొనామిక్స్. కత్తిపీట వేసుకునే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు పీట విలువ ఒకరు చెప్పాలా? అయితే ఒక ప్రశ్న. ఆ లేత్ ఎత్తు ఎవరి మోచేతికి లెక్కగట్టారు?

నిలబడ్డ మనిషి మోచేతి ఎత్తు స్థూలంగా అతని మొత్తం ఎత్తులో 63 శాతం ఉంటుంది. 178 సెంటీమీటర్ల మనిషికి మోచెయ్యి 112 దగ్గర, 165 సెంటీమీటర్లకు 104 దగ్గర, 152 సెంటీమీటర్ల స్త్రీకి 96 దగ్గర. మొదటివారికీ చివరివారికీ పదహారు సెంటీమీటర్ల తేడా. ఇంకో సంగతి. మోచేతి ఎత్తు అన్ని పనులకూ సరిపోదు. ఒంటి బరువు మోపి చేసే పనికి బల్ల మోచేతికంటే బాగా కిందకుండాలి. కన్ను దగ్గరగా పెట్టి చేసే సన్నని పనికి కొంచెం పైకుండాలి.

చక్రవర్తి పుస్తకం విలువ ఇక్కడ తెలుస్తుంది. అంతకుముందు మన డిజైన్ విద్యార్థులు ఎక్కువగా ఆధారపడింది అమెరికా, ఐరోపా కొలతలమీదే. ఈయన వివిధ ప్రాంతాల భారతీయుల కొలతలు సేకరించి, ఒక్కో కొలతకూ శాతస్థానాలు లెక్కగట్టి ఇచ్చారు. నేలమీద కూర్చునే తీరుల కొలతలు కూడా చేర్చడం నాకు బాగా నచ్చింది. కుర్చీలో కూర్చునేవాడే మనిషి అనుకునే విదేశీ పట్టికల్లో అవి కనబడవు. మగ్గం, కుండల చక్రం, చెప్పులు కుట్టే చోటు, బీడీలు చుట్టే అరుగు, ఇవన్నీ నేలకు దగ్గరగా నడిచే పనులు మరి.

శాతస్థానం అంటే ఏమిటో విద్యార్థులకు ఒక్క మాటలో చెప్పాలి. ఐదో శాతస్థానం అంటే నూరుమందిలో ఐదుగురు మాత్రమే అంతకంటే తక్కువ ఉండే కొలత. చెయ్యి చాచి అందుకోవలసిన మీటను పొట్టివారి కొలతకు, అంటే ఐదో శాతస్థానానికి పెట్టాలి. తల తగలకుండా దాటవలసిన ద్వారాన్ని పొడుగువారి కొలతకు, తొంభైఅయిదో శాతస్థానానికి పెట్టాలి. సగటు కొలతకు పెడితే సగంమందికి మీట అందదు, సగంమందికి తల బొప్పి కడుతుంది. అసలు అన్ని అంగాల్లోనూ సగటుగా ఉండే మనిషే అరుదు. గిల్బర్ట్ డేనియల్స్ అనే ఆయన అమెరికా వైమానిక దళంలో 4,063 మంది కొలతలు పరీక్షించి 1952లో నివేదిక ఇచ్చాడు. పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

చక్రవర్తి పుస్తకానికి నా అభ్యంతరాలు రెండు. మొదటిది దాని వయస్సు. పుస్తకం వచ్చి దాదాపు మూడు దశాబ్దాలయింది. తిండి మారింది, పిల్లలు తల్లిదండ్రులకంటే పొడుగవుతున్నారు. యంత్రాల దగ్గర అప్పుడున్న వాళ్ళు వేరు, ఇప్పుడున్న వాళ్ళు వేరు. రెండోది, పుస్తకం డిజైనర్‌తోనే మాట్లాడుతుంది. యంత్రం కొత్తగా గీస్తున్నవాడికి పట్టిక పనికొస్తుంది. పాత యంత్రం కొనుక్కుని షెడ్డులో కాంక్రీటు పోసి బిగించేసుకున్నవాడికి ఏ సలహా? లేత్‌ను నరకలేం. మనిషికి పలక వెయ్యాలి. ఆ పలక ఎంత మందం, జారకుండా ఎలా బిగించాలి, ఇనుప రజను పోగుపడకుండా సందులు ఎంత వదలాలి, ఒక షిఫ్టు పొట్టివాడూ తర్వాతి షిఫ్టు పొడుగువాడూ వస్తే ఏం చెయ్యాలి? ఆదిత్యపూర్‌కు కావలసినవి ఈ ప్రశ్నలకు జవాబులు.

మాటల ఇబ్బంది

'చెక్‌పాయింట్స్'లో కొన్ని పేజీలు తెలుగు చెయ్యబోయి నేను మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. గ్రీకులో ఎర్గాన్ అంటే పని, నోమోస్ అంటే నియమం. పోలండు శాస్త్రజ్ఞుడు యస్త్రజెంబొవ్‌స్కీ 1857లోనే ఈ రెండూ కలిపి మాట చేశాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1949లో బ్రిటన్‌లో మరెల్ మళ్ళీ అదే మాట ప్రతిపాదించాక నిలిచింది. తెలుగులో కర్మశాస్త్రం అంటే తద్దినాల పుస్తకమనుకుంటారు. సమర్థతాశాస్త్రం అంటే మాట అందంగానే ఉంది గాని, అది యజమాని పక్షాన కూర్చుంటుంది. అమెరికా బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో టేలర్ ఒక్కో పార ఎత్తుకు 21 పౌన్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు సరైన బరువని తేల్చింది సమర్థత కోసమే. పార పట్టిన మనిషి నడుము ఆ లెక్కలో చివరి అంశం. ఎర్గొనామిక్స్ అక్కడినుంచి దారి మార్చుకుని వచ్చింది కాబట్టి ఆ పాత పేరు దానికి తగిలించకూడదు. చివరికి ఎర్గొనామిక్స్ అనే ఉంచేశాను. మరో చిక్కు 'పోస్చర్'. భంగిమ అంటే నాట్యం గుర్తొస్తుంది, ఫొటో గుర్తొస్తుంది. 'ఒంటి తీరు' అన్నాను. లేత్ మనిషికి అర్థమయింది, అది చాలు.

ఒంటి తీరును గమనించి లెక్కరాసే పద్ధతి ఒకటి 1970 దశకంలో ఫిన్లాండులో పుట్టింది, అదీ ఒవాకో అనే ఉక్కు సంస్థలోనే. వీపుకు 4 తీరులు, చేతులకు 3, కాళ్ళకు 7, బరువుకు 3 తరగతులు. మొత్తం 252 కలయికలు. నిర్ణీత వ్యవధిలో ఒకసారి తలెత్తి చూసి ఆ క్షణాన ఏ కలయిక కనబడితే దాని అంకె రాసుకోవడమే. కాగితం, పెన్సిలు ఉంటే కాలేజీ విద్యార్థులు కూడా చెయ్యగలరు. 1960లో ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థగా మొదలై 2002లో ఎన్.ఐ.టి. అయిన జంషెడ్‌పూర్ ఇంజనీరింగ్ కళాశాల ఆదిత్యపూర్‌లోనే ఉంది. 'చెక్‌పాయింట్స్' ఏం మార్చాలో చెబుతుంది గాని, మార్చకముందు ఎలా గమనించాలో, మార్చాక మేలు కలిగిందో లేదో ఎలా తేల్చుకోవాలో చెప్పదు. శాస్త్ర విద్యార్థికి ఇది పెద్ద కొరత.

ట్యూబులైటు విషయం

వెలుతురు గురించి పుస్తకంలో మంచి సూచనలే ఉన్నాయి: పగటి వెలుగు వాడుకోండి, గోడలకు లేతరంగు వెయ్యండి, నీడలు పడనీయకండి. లేత్ పక్కన నిలబడ్డవాడికి వీటికంటే ముందు తెలియవలసింది వేరే ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తాలు. చోక్‌తో వెలిగే ట్యూబు వెలుగు సెకనుకు వందసార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి అది తెలియదు. మూడు దవడల చక్ నిమిషానికి 2,000 సార్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 33.3 చుట్లు. వెలుగు ఒకసారి పెరిగి మళ్ళీ పెరిగే సెకనులో నూరోవంతు కాలంలో చక్ సరిగ్గా మూడోవంతు చుట్టు తిరుగుతుంది. ఒక దవడ ఉన్న చోటికి ఇంకో దవడ వచ్చి నిలుస్తుంది. చూసేవాడికి చక్ ఆగినట్టు మసకగా కనబడుతుంది. నిమిషానికి 1,000 చుట్లయితే ఆరు దవడలతో ఆగి ఉన్నట్టు. యంత్రాల చప్పుడులో చెవి కూడా సాయం రాదు. విరుగుడు ఖరీదైనదేమీ కాదు. పక్కపక్క ట్యూబులను వేర్వేరు ఫేజులకు కలపాలి, లేదా అధిక పౌనఃపున్యంతో పనిచేసే ఎలక్ట్రానిక్ చోక్ వాడాలి. ఎల్.ఇ.డి. వచ్చింది కాబట్టి గొడవ వదిలిందనుకోకూడదు. చవక ఎల్.ఇ.డి. బల్బులు కొన్ని ఇదే లయలో మినుకుతాయి.

వేళ్ళ విషయం

ఇక ప్రెస్. మిగతావన్నీ నొప్పుల సంగతులు. ఇది వేళ్ళు పోయే సంగతి. సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి వెలువరిస్తున్న 'క్రష్డ్' నివేదికలు చదివితే గుండె బరువెక్కుతుంది. ఆ వివరాలు ప్రధానంగా గురుగ్రామ్, ఫరీదాబాద్ ప్రాంతాల వాహన విడిభాగాల కార్ఖానాలవి. పని ఆదిత్యపూర్‌లో జరిగేలాంటిదే, యంత్రాలు అలాంటివే. చేతులు నలిగిన ప్రమాదాల్లో పెద్దవాటా పవర్ ప్రెస్‌దే.

ప్రెస్‌లో బరువైన చక్రం ఒకటి ఎప్పుడూ తిరుగుతూ శక్తిని నిల్వచేసుకుంటుంది. కాలితో పెడల్ తొక్కగానే క్లచ్ పట్టుకుని పైదిమ్మ దిగుతుంది. పెడల్ కాలిది కాబట్టి చేతులు రెండూ ఖాళీగా డై దగ్గరే ఉంటాయి. నిమిషానికి పదిహేనో ఇరవయ్యో రేకులు. రేకు పెట్టు, తొక్కు, తియ్యి. వేలసార్లు ఒకే వరసలో సాగిన కాలూ చెయ్యీ ఎప్పుడో ఒకసారి వరస తప్పుతాయి. విచారణ కాగితంలో 'కార్మికుని అజాగ్రత్త' అని రాస్తారు.

ఈ మాటమీదే రెండో ప్రపంచయుద్ధకాలంలో ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తిరగబడ్డాడు. అమెరికా బి-17 విమానాలు క్షేమంగా దిగాక, నేలమీద ఉండగా పైలట్లు రెక్కల ఫ్లాపులు మూయబోయి చక్రాలు మూసేస్తున్నారు. పైలట్ తప్పిదం అని రాసేవారు. 1943లో అల్ఫోన్స్ చపానిస్ వెళ్ళి చూస్తే రెండు మీటలూ పక్కపక్కన, ఒకే ఆకారంలో ఉన్నాయి. ఆ రెండూ వేరుగా ఉన్న విమానాల్లో పైలట్లు ఈ తప్పు చెయ్యడంలేదు. ఆయన చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు రెక్కలాంటి ముక్క తగిలించాడు. తప్పు మాయమయింది. నేటికీ విమానాల్లో చక్రాల మీట చివర చిన్న చక్రం ఆకారమే ఉంటుంది.

'చెక్‌పాయింట్స్' ప్రెస్ దగ్గర రక్షక కవచాలు పెట్టమంటుంది, చేతులు ప్రమాదస్థలానికి దూరంగా ఉండేలా చూడమంటుంది. ఇక్కడే పుస్తకం మరీ పైపైన నడిచింది. ఎందుకంటే ప్రెస్‌లు రెండు రకాలు. ఒక రకంలో దిమ్మను మధ్యలో ఆపవచ్చు. దానికి రెండు చేతుల బటన్లు గాని, చెయ్యి అడ్డు వస్తే ఆపే కాంతి తెర గాని పెట్టవచ్చు. చెయ్యి సెకనుకు 1.6 మీటర్ల వేగంతో కదులుతుందని లెక్క. దిమ్మ ఆగడానికి 0.3 సెకన్లు పడితే కాంతి తెర డైకి కనీసం 48 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దగ్గరగా పెడితే తెర ఉన్నా లేనట్టే. రెండో రకం పాత కీ-క్లచ్ ప్రెస్. దాని దిమ్మ ఒకసారి కదిలితే పూర్తి చుట్టు తిరిగేదాకా ఆగదు. దానికి కాంతి తెర కొని తగిలించడం డబ్బు దండగేగాక ప్రాణాంతకమైన భరోసా కూడా. దానికి సరైనది వేలు పట్టని సందు మాత్రమే వదిలి డై చుట్టూ గట్టిగా బిగించిన కంచె. రేకు లోపలికి జారడానికి ఒక వాలు. తీయడానికి పట్టకారో అయస్కాంతమో. ఈ తేడా చెప్పని పుస్తకం చిన్న కార్ఖానాదారుడిని తప్పుదారి పట్టించగలదు.

రెండు చేతుల బటన్లున్న చోట కూడా ఒక బటన్‌ను తాడుతోనో చెక్కముక్కతోనో నొక్కి ఉంచేసి ఒక చేత్తో పనికానిచ్చే వాళ్ళుంటారు. ఎందుకు? మూర్ఖత్వం అనడం తేలిక. ముక్కకింత అని కూలి ఉన్నప్పుడు ప్రతి అరసెకనూ డబ్బే. ఆదిత్యపూర్‌లో ఇంకో ఒత్తిడి కూడా ఉంది. పెద్ద కర్మాగారం 'బ్లాక్ క్లోజర్' ప్రకటిస్తే నదికి అటు షెడ్లన్నీ ఖాళీ. 2019లో వాహనాల అమ్మకాలు పడిపోయినప్పుడు పలుమార్లు అలా జరిగి ఎన్నో చిన్న కార్ఖానాలు మూతపడడమో పని కుదించుకోవడమో చేశాయి. మళ్ళీ ఆర్డర్లు వచ్చాయంటే పగలూ రాత్రీ తేడా లేకుండా పని. ఈ ఆటుపోట్ల మధ్య బల్ల ఎత్తు సర్దడం ఒక్కటే ఎర్గొనామిక్స్ కాదు. పుస్తకంలో పనివేళల విభాగం ఉంది, కార్మికులతో కలిసి ప్రణాళిక వేసుకోమన్న సలహా ఉంది. కానీ ప్రతి పేజీ వెనుకా ఒక ఊహ దాగి ఉంది: పుస్తకం తెరిచినవాడికి మార్చే అధికారం ఉంటుందని. ఠేకేదారు ద్వారా వచ్చి ఆరునెలలకు వెళ్ళిపోయే మనిషికి ఆ అధికారం లేదు. ట్రక్కు కంపెనీ ధర, గడువు నిర్ణయించాక షెడ్డు యజమానికి కూడా సగమే ఉంది.

చట్టం ఉంది కదా అనవచ్చు. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసేవారికి, సందు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలంది. 34వ సెక్షన్ హాని కలిగించే బరువులు మోయించకూడదంది. దాని స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త నియమావళి 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి ఇదివరకు పదిమంది చాలు, ఇప్పుడు ఇరవైమంది కావాలి. ఆదిత్యపూర్‌లో చాలా షెడ్ల బలగం ఈ రెండంకెల మధ్యే ఉంటుంది.

పుస్తకాలు చదవకుండా ఈ శాస్త్రాన్ని ఆచరించిన మనిషి ఒకరు మన దగ్గరే ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పోచంపల్లి చీరకు దారాన్ని అర్ధచంద్రాకారపు మేకుల చుట్టూ పోసే ఆసు పనిలో, ఒక్క చీరకు చెయ్యి సుమారు తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ కదలాలి. నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడడం చూసి, బడి చదువు మధ్యలో ఆపిన ఆ యువకుడు ఏళ్ళతరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. తల్లి పేరే పెట్టాడు. పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 'చెక్‌పాయింట్స్' చేతికి ఇచ్చి ఉంటే ఆసు పోసేచోట వెలుతురు పెంచి, కూర్చోవడానికి ఎత్తు సరిచేసి, మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వమని చెప్పేదేమో. అవీ మంచివే. ఆయన ఆ తొమ్మిదివేల కదలికలనే తీసేశాడు. తల్లి పక్కన కూర్చుని చూసినవాడికి ఏ కదలిక అనవసరమో కనబడింది. పుస్తకంలోని 132 అంశాలకూ ముందు ఒక అంశం ఉండవలసింది: పనిచేసే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి, ఎక్కడ నొప్పో అడగండి.

ఇన్ని అన్నా, 'చెక్‌పాయింట్స్' చదవమనే చెబుతాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ దాన్ని ఉచితంగానే అందిస్తోంది. చక్రవర్తి పుస్తకాన్ని కాలేజీ గ్రంథాలయానికి తెప్పించమని అడగండి. ఈలోగా మీ బడి వర్క్‌షాపులోనో ప్రయోగశాలలోనో ఉన్న బల్ల దగ్గర తరగతిలోకెల్లా పొడుగైన వారినీ పొట్టివారినీ నిలబెట్టి, పిడికిలి గడ్డం కింద పెట్టించి, మోచేతికీ బల్లకూ మధ్య దూరం కొలిచి రాసుకోండి. పొట్టివారి కాళ్ళకింద ఎంత మందం పలక వెయ్యాలో ఆ రెండంకెల తేడాయే చెబుతుంది.